కొసరుగా వచ్చిన రెండు పట్టీలు

కొత్త జిల్లాలు ఏర్పడ్డ కొన్నేళ్లకు, ఒక ఏప్రిల్ మొదటివారంలో, నన్ను జగిత్యాల సర్కారు వర్క్‌షాపుకు మెకానికల్ సూపర్‌వైజర్‌గా వేశారు. పేరు వింటే పెద్ద పదవిలా ఉంటుంది గానీ మా శాఖలో అది ఫిట్టరుకు పైన, అసిస్టెంట్ ఇంజనీరుకు కింద ఉండే మెట్టు. పని చెడితే కిందివాడూ పైవాడూ ఇద్దరూ సూపర్‌వైజర్ మొహమే చూస్తారు. పని బాగుంటే ఎవరూ చూడరు.

మా నాన్నకు కోరుట్లలో ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. అటు పక్క కిరాణం, ఇటు పక్క బట్టల కొట్టు. నేను పెరిగిందంతా ఆ మూడు గడపల మీదే. కొనేవాడు చెప్పులు వదిలే తీరు చూసి వాడు కొంటాడో, ఊరికే అడిగి పోతాడో చెప్పగలిగేవాణ్ణి. సర్కారు నౌకరీలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆఫీసుకు చీపురు కొనాలన్నా నన్నే పంపేవారు. అందరూ నన్ను ‘సేటు’ అనేవారు. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ ఏడు సిరిసిల్ల పక్కన మానేరు రిజర్వాయరులో నీళ్లు బాగా నిలిచాయి. వానాకాలంలో ఎవరైనా చిక్కుకుంటే తీసుకురావడానికి ఒక ఫైబర్ బోటు మంజూరైంది. పదహారడుగుల బోటు, వెనుక తగిలించే ఇంజను. బోటు వచ్చింది గానీ దాన్ని రోడ్డు మీద మోసుకుపోయే ట్రైలర్ రాలేదు. ‘స్థానికంగా చేయించవలెను’ అని డీఈ గారు, అంటే మా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఫైలు మీద ఒక ముక్క రాసి నాకు పంపారు. బోటు సిరిసిల్లలో, ఫైలు జగిత్యాలలో. ట్రైలర్ మాత్రం కోరుట్లలో చేయిద్దామని నేను నిర్ణయించాను. సొంత ఊళ్లో బేరం బాగా కుదురుతుందని నా నమ్మకం.

అక్కడ రాజేశం అని ట్రాక్టర్ ట్రాలీలు కట్టే మనిషి ఉన్నాడు. పని గట్టిగా చేస్తాడు. ధర మీద మాత్రం ఎంత లాగినా కదలలేదు. ధర కదలనప్పుడు కొసరు అడగడం మా దుకాణాల పద్ధతి. అందుకని కమాన్ కట్ట మీద పడ్డాను. ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య ఉండి బరువుకు కుంగుతూ లేస్తూ ఉండే వంపు ఉక్కుపట్టీల కట్టను కమాన్ కట్ట అంటారు. ఒక్కో వైపు ఐదు పట్టీలు వేస్తానన్నాడు రాజేశం. ఏడు వేయమన్నాను.

“అద్దు సార్. బోటు ఎంత బరువుంటది? ఐదే ఎక్కువ” అన్నాడు.

“నీ దగ్గర పట్టీలు పడి ఉన్నయి గదా. రెండు ఎక్కువేస్తే నీ సొమ్మేం పోతది?”

“నాదేం పోదు సార్. కొసరు అడిగెటోళ్లను నేనెన్నడు ఆపలే” అని రెండేసి పట్టీలు ఎక్కువ వేసేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో కూడా ఈ సంగతి చెప్పుకున్నాను. బండి పది కాలాలు నిలుస్తుందని మురిసిపోయాను.

ట్రైలర్ తయారయ్యాక రాజేశం షెడ్డులోనే ఎత్తు కొలిచాను. ముందు ముక్కు, అంటే జీపు వెనుక ఉండే ఉక్కుగుండు మీద కూర్చునే భాగం, నేల నుంచి ఇరవయ్యారు అంగుళాలు వచ్చింది. జీపు గుండు ఎత్తు పంతొమ్మిది. ఏడంగుళాల తేడా. అది చూసి కొంచెం ఆలోచించి, ఖాళీగా ఉంది కాబట్టి ఎత్తుంది, బోటు ఎక్కితే కుంగుతుందిలే అనుకున్నాను. కొలతల పుస్తకంలో ‘సరిగా ఉన్నది’ అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం కింద ఖాళీగా కొలిచినట్టు ఎక్కడా రాయలేదు.

మే నెల చివర సిరిసిల్లలో ట్రయల్ పెట్టారు. రిజర్వాయరులో మునిగిన ఒక ఊరి తారురోడ్డు గట్టు మీద నుంచి నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది. మాకు అదే దిగుడు దారి. జీపు డ్రైవరు సత్యం సిరిసిల్లవాడే. ఇరవై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. పని పడిపోయినప్పుడు మరమగ్గాల ఊరు భీవండి పోయి, అక్కడా కుదరక తిరిగొచ్చి డ్రైవింగ్ నేర్చుకున్నవాడు. నోరు మాత్రం ఊరుకోదు.

బోటు ఎక్కించాం. కమాన్ కట్టలు కుంగలేదు. రెండు టన్నుల వడ్లు మోసే ట్రాలీకి సరిపోయేంత బిరుసుగా ఉన్నాయవి. ఈ బోటు వాటికి లెక్కే కాదు. ముక్కును జీపు గుండు మీదికి నలుగురం ఎక్కి తొక్కి దించాల్సి వచ్చింది. దాంతో ట్రైలర్ ముందుకు వంగి, తోక పైకి లేచింది. దారిలో ప్రతి గుంతకూ బోటు ఎగిరి పడింది. నీళ్ల దగ్గర సత్యం వెనక్కి పోనిస్తూ పోనిస్తూ జీపు వెనుక చక్రాలు మునిగేదాకా పోయాడు. పొగ గొట్టం నీళ్లలో గుడగుడమంది. బోటు మాత్రం ట్రైలర్ మీద నుంచి కదల్లేదు. తోక ఎత్తులో ఉంటే బోటు కిందికి తేలేంత నీరు ఎట్లా వస్తుంది?

“సార్, బోటు కన్న ముందుగాల మన జీపే ఈతకు వోయేటట్టున్నది” అన్నాడు సత్యం, కిటికీలోంచి తల బయట పెట్టి.

డీఈ గారు నవ్వలేదు. “సేటూ, ట్రైలర్ చేయించమంటే మంచె కట్టించినవా?” అన్నారు. పది రోజులు గడువిచ్చారు. అప్పటికీ కుదరకపోతే బోటును హెడ్ క్వార్టర్‌కు వెనక్కి పంపడం, నా మీద మెమో.

మర్నాడే కోరుట్ల పోయాను. రాజేశం తనకు ట్రాలీలు తెలుసు గానీ బోటు బండ్ల సంగతి తెలియదన్నాడు. “మేడిపల్లిల మల్లేశం గౌడ్ అని ఉన్నడు. దుబాయ్‌ల తొమ్మిదేండ్లు బోట్ల షెడ్డుల చేసిండు. మల్ల పోతనని తిరుగుతున్నడు. పోయేలోపట పట్టుకోండ్రి” అని దారి చెప్పాడు.

మేడిపల్లిలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో అతని భార్య లక్ష్మి చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. మల్లేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై దాటినవాడు, చెయ్యి మాత్రం తాటిచెట్లెక్కే ఇంటి పిల్లవాడిదే, గట్టిది. నేను శాఖ పేరు చెప్పేసరికి లక్ష్మి చెయ్యి ఆపకుండానే అడిగింది.

“పని ఇయ్యనీకి అచ్చిండ్రా సారు, పని చేపిచ్చుకోనీకి అచ్చిండ్రా?”

రెండూ ఒకటే కదమ్మా అన్నాను. “ఒకటి కాదు సారు” అంది.

సంగతి చెప్పాను. మల్లేశం రెండే ప్రశ్నలు అడిగాడు. పట్టీలు ఎన్ని, కమాను ఇరుసు పైన ఉందా కింద ఉందా. ఏడు, పైన అన్నాను. అతను లక్ష్మి వైపు చూసి చిన్నగా నవ్వాడు. రోగం తెలిసిన డాక్టర్ల నవ్వు అట్లాగే ఉంటుంది.

“అయితది సార్. ఒక్క రోజు పని” అన్నాడు. నేను లేవబోయాను. లక్ష్మి లేవనీయలేదు.

ఆమె చెప్పిందాన్ని క్లుప్తంగా రాస్తాను. మల్లేశం పోయినప్పుడల్లా వీసా మీద ‘హెల్పర్’ అనే రాసేవారు. చేసేది మెకానిక్ పని. కాగితం మీద హెల్పర్ కాబట్టి గదిలో పన్నెండు మందిలో ఒకడు, ఎండలో మూటల పనికైనా తోలడానికి వీలైనవాడు. ఇప్పుడు పడవలు బాగుచేసే ఒక కంపెనీవాళ్లు మనుషుల కోసం జగిత్యాలకు వస్తున్నారు. సోమవారం ఇంటర్వ్యూ. మెకానిక్‌గా పనిచేసినట్టు ఎవరిదైనా సంతకం, ముద్ర ఉన్న కాగితం చూపితే ఆ పనికే తీసుకుంటారని ఏజెంటు చెప్పాడు. పాత షెడ్డువాడు అలాంటి కాగితం ఇవ్వలేదు.

“మాకు మీ చాయి పైసలు అద్దు సారు. కాయితం గావాలె. దాని మీద మెకానిక్ అని ఉండాలె.”

“చూద్దాం తల్లీ” అన్నాను, వెయ్యిసార్లు అన్న అలవాటుతో.

“సూద్దామంటే బేరం కుదిరినట్టు గాదు సారు. మా నాయిన అంగడి అంగడి తిరిగి బర్లను అమ్మిండు. నాకు ఎర్కనే.”

పశువుల బేరగాడి కూతురు ముందు కోరుట్ల సేటు ఏపాటి? ఇస్తానని మాటిచ్చి బయటపడ్డాను.

శుక్రవారం పొద్దున మల్లేశం జగిత్యాల వర్క్‌షాపుకు వచ్చాడు. సత్యం ముందురోజే బోటునూ ట్రైలర్‌నూ జీపుతో అక్కడికి తెచ్చి పెట్టాడు. సర్కారు వర్క్‌షాపులో జాబ్ కార్డు తెరవకుండా పాన, అంటే స్పానరు, ముట్టుకోకూడదు. అందులో పని పేరు, పనిచేసే మనిషి పేరు, ‘ట్రేడ్’ అనే గడి ఉంటాయి. బయటి మనిషికి ఐటీఐ సర్టిఫికెట్ లేకపోతే ఆ గడిలో హెల్పర్ అని రాయడం మా రివాజు. నా చెయ్యి ఆ రివాజు ప్రకారమే రాసేసింది, ఇంగ్లిషులో. మల్లేశం కార్డు చూశాడు. అతనికి ఇంగ్లిషు రాదనుకున్నాను.

“గీ అక్షరాలు నేను గుర్తుపడత సార్. తొమ్మిదేండ్లు ఐడీ కార్డు మీద మెడల ఏసుకొని తిరిగిన” అన్నాడు.

నేను రూలు చెప్పాను. కాగితం వేరే చూద్దాం, ముందు పని కానియ్యి అన్నాను. అతను కోపపడలేదు. చొక్కా విప్పి పక్కన పెట్టి, పానల పెట్టె దగ్గర గొంతుకూర్చున్నాడు.

“సరే సార్. హెల్పర్ ఏం జేస్తడో గదే జేస్త. పాన అందిస్త. మీరు ఇప్పుండ్రి.”

ఫిట్టర్లు మొహాలు తిప్పుకున్నారు. నేను కూడా మొండివాణ్ణే. చేతులు మడిచి ట్రైలర్ కిందికి దూరాను. కమాను ఇరుసును పట్టి ఉంచే యూ బోల్టులు విప్పబోయాను. మల్లేశం అడిగిన పానే అందించాడు, ఒక్క మాట అనలేదు. రెండో బోల్టు సగం తిరిగాక నాకే అనుమానం వచ్చింది, చట్రాన్ని దేని మీదా నిలబెట్టలేదని. బోల్టు వదిలితే ఇరుసు ఎటు దొర్లుతుందో, నేను ఎక్కడుంటానో ఆలోచించి బయటికి పాకి వచ్చాను.

“చెప్పొచ్చు కదయ్యా” అన్నాను.

“హెల్పర్ చెప్తే ఇంటరా సార్?”

కార్డు చింపి కొత్తది తెరిచాను. ట్రేడ్ గడి ఖాళీగా వదిలి పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఖాళీ గడి ఆడిట్‌కు పెద్ద దోషం. అప్పటికి నేను ఇవ్వగలిగింది అంతే అన్నాను. అతను కార్డునూ నన్నూ మార్చి మార్చి చూసి లేచాడు.

ఆ తర్వాత చూసిన పని నా ముప్పై ఏళ్ల సర్వీసులో శుభ్రమైన పనుల్లో ఒకటి. ముందు బోటు ఎక్కించమన్నాడు. ఇంజను, నిండు పెట్రోలు డబ్బా, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, వానాకాలంలో ఏమేమి ఉంటాయో అన్నీ. టైర్లలో గాలి చూశాడు. జీపులో నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టి అప్పుడు గుండు ఎత్తు కొలిచాడు. “బండి ఎట్ల పోతదో గట్లనే నిలబెట్టి కొలువాలె సార్. ఖాళీ బండి ఎవలికి గావాలె?” అన్నాడు. పక్క కిరాణంలో నూనె డబ్బా బరువు తీసేయకుండా ఎన్నడూ తూచనివాణ్ణి, ఇక్కడ డబ్బా ఒక్కదాన్నే తూచి సంతకం పెట్టానని అప్పుడు అర్థమైంది.

కొలత రాసుకుని బోటు దించాడు. చట్రానికి నాలుగు వైపులా దుంగలు పేర్చి నిలబెట్టాడు. ఒక్కో కట్ట నుంచి రెండేసి పట్టీలు, అంటే నా కొసరు, తీసి పక్కన పడేశాడు. బోటు ఎక్కించి మళ్లీ కొలిస్తే అంగుళంన్నర దిగింది. చాలదు. ఇప్పుడు కమానును ఇరుసు పైనుంచి తీసి ఇరుసు కిందికి మార్చాలన్నాడు. అట్లా మారిస్తే ఇరుసు మందం, కట్ట మందం కలిసినంత మేర చట్రం కిందికి వస్తుంది. నాలుగంగుళాలు.

నాకు రోడ్డు భయం పట్టుకుంది. వేములవాడ దారిలో స్పీడ్ బ్రేకర్లు ఒక్కోటి ఒక్కో అరుగు. మరీ కిందికి దిగితే ఇంజను కొస తగులుతుంది. “రెండంగుళాలు దించు, చాలు” అన్నాను.

“గిది గుడ్డ గాదు సార్, నాలుగంటే రెండుకు తెంపనీకి. ఇరుసు మందం, కట్ట మందం ఎంతనో గంతే దిగుతది.”

“మూడు?”

మల్లేశం మొదటిసారి గట్టిగా నవ్వాడు. “సార్, ఇరుసుతోని గూడ బేరమాడుతరా?”

ఇంజనును దారిలో పైకి మడిచి కట్టేస్తే తగలదని చూపించాడు. ఇరుసు కింద కమాను కూర్చునే ఉక్కుపలకలు వెల్డింగ్ చేయించాడు. చక్రాలు చట్రానికి దగ్గరవుతాయి కాబట్టి మడ్‌గార్డులు పైకి జరిపాడు. మిగిలిన అంగుళంన్నర తేడాకు జీపు వెనుక గుండును పై రంధ్రంలోకి మార్చాడు. సాయంత్రం నాలుగింటికి నిండు బోటుతో చట్రం ముందూ వెనకా ఒకే కొలత వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నేను వర్క్‌షాపు మాన్యువల్ ముందేసుకున్నాను. రూలును మొదటినుంచి చివరిదాకా చదవడం సర్కారు ఉద్యోగులు సాధారణంగా చేయని పని. ఐటీఐ షరతు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. అత్యవసర పనికి తీసుకున్న మనిషికి సూపర్‌వైజర్ ట్రేడ్ టెస్టు పెట్టి, డీఈ ఎదుట జరిగినట్టు ప్రతిసంతకం తీసుకుంటే, పరీక్షలో తేలిన ట్రేడ్ రాయవచ్చు. మా వర్క్‌షాపులో ఎవరూ దాన్ని వాడిన గుర్తు లేదు.

శనివారం మళ్లీ సిరిసిల్ల. గట్టు మీద బండి ఆపి, నీళ్లలోకి దించే ముందు పావుగంట ఆగమన్నాడు మల్లేశం. డీఈ గారు గడియారం చూసుకుంటున్నారు. తర్వాత సత్యం వెనక్కి పోనిచ్చాడు. జీపు వెనుక చక్రాలకు నీళ్లు తగిలాయో లేదో, బోటు తోక తనంతట తానే లేచింది. ఒక్క మనిషి చేత్తో నెడితే పక్కకు జరిగి తేలింది.

“అయిపాయె. ఈసారి జీపుకు కాళ్లు గడుగుడే” అన్నాడు సత్యం.

డీఈ గారు తృప్తిగా, “ఎవరు చేసిండ్రు?” అన్నారు. నేను చేయించాను అనడానికి నోరు తెరిచి ఉన్నాను. అది అబద్ధం కూడా కాదు. మల్లేశం మోకాలి లోతు నీళ్లలో తాడు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. అతని పేరు చెప్పి, జాబ్ కార్డూ మాన్యువలూ రెండూ జీపు బానెట్ మీద పెట్టాను.

“సేటూ, ఇప్పుడు దేనికి బేరం?”

“ఒక్క మాటకు సార్. ఈ ట్రయల్‌నే ట్రేడ్ టెస్టుగా రాద్దాం.”

ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివారు. మొహమాటానికి సంతకం పెట్టే మనిషి కాదు. పరీక్ష అంటే పరీక్షేనని మల్లేశాన్ని పిలిచారు. ట్రైలర్ ఎత్తు ఎంత అని అడిగారు.

“ఖాళీగనా సార్, బోటుతోనా?”

డీఈ గారు నా వైపు చూశారు. నేను రిజర్వాయరు వైపు చూశాను. పావుగంట ఎందుకు ఆపావు అన్నది రెండో ప్రశ్న. “ఉరికచ్చిన చక్రం ఏడిగ ఉంటది సార్. గట్లనే ముంచితే బేరింగు నీళ్లు గుంజుకుంటది, నెలకే పోతది.” ఇక ఇప్పుడు ఏమైనా పని మిగిలి ఉందా అన్నది మూడోది. “యాబై కిలోమీటర్లు తిరిగినంక యూ బోల్టులు మల్ల బిగియ్యాలె. కొత్త కూసుడు గదా, వదులైతయి.”

డీఈ గారు పెన్ను తీశారు. కార్డు మీద ట్రేడ్ గడిలో మెకానిక్ అని రాశారు. దాని తర్వాత ‘ట్రైలర్లకు మాత్రమే’ అని చేర్చారు. అది తీసేయించడానికి నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ఆయన ఒక షరతు కూడా పెట్టారు. వెళ్లేలోపు ఈ పనంతా సత్యానికి నేర్పాలని. ఆదివారమంతా ఆ ఇద్దరూ చట్రం కిందే ఉన్నారు. నేర్పిన పనికి గుర్తుగా ఆ సంగతి కూడా, కార్డు ప్రకారం మల్లేశానికి తయారుచేసిన ధ్రువపత్రంలో ఒక వాక్యంగా రాసి ముద్ర వేశాను.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది మల్లేశం కాదు, లక్ష్మి. “సారు, మెకానిక్ అనే రాసిండ్రు. నేను కండ్లార సూసిన” అంది. ‘మాత్రమే’ సంగతి వాళ్లు పట్టించుకోలేదట. ఆ కంపెనీకి కావలసింది ట్రైలర్లకే. జూన్ రెండోవారంలో అతను వెళ్లిపోయాడు. ఆ కాగితం వల్ల మన దగ్గర అటువంటి పని తెలిసిన మనిషి ఒకడు తగ్గాడు, అదీ నిజమే. ఇక్కడే ఉంచడానికి నా దగ్గర పోస్టు లేదు. ఆ వానాకాలం బోటు నాలుగుసార్లు నీళ్లలోకి దిగింది. ట్రైలర్‌ను సత్యం చూసుకున్నాడు.

ఈ పని వల్ల నేను రెండు పద్ధతులు మార్చుకున్నాను. ఎత్తు కొలిచిన ప్రతిచోటా కొలతల పుస్తకంలో బండి ఖాళీగా ఉందా, బరువుతో ఉందా అన్నది రాయించాను. రెండోది, జాబ్ కార్డులో ట్రేడ్ గడిని పని మొదలు కాకముందు నింపడం మానేశాను. రిటైరయ్యేదాకా ఆ గడి మీద ఆడిట్ నాకు పదకొండుసార్లు అభ్యంతరం రాసింది. పదకొండుసార్లూ మాన్యువల్‌లోని ఆ వాక్యమే జవాబుగా పంపాను. ఆ అభ్యంతరం ఒక్కసారి కూడా తిరిగి రాలేదు.